ఓడినోని డ్యూటీ

20 నవంబర్ 2025, సోహార్

పొద్దుగాల మళ్ళ కక్కుకున్న. మూడో నెల దాటితే తగ్గుతదని తహ్సీన్ అంటున్నది. పక్క ఫ్లాట్ల ఉంటది, కడప దిక్కు మనిషి, ముగ్గుర్ని కన్నది. ఆమె మాట నమ్మాలె.

నేషనల్ డే సెలవులు శుక్రవారంతోటి కలిసొచ్చినయి. ఈయనను ఎట్లనో ఒప్పించిన. కారుల ఖసబ్ పోతున్నం. ఖసబ్ ఒమాన్‌దే గని, నడుమల ఎమిరేట్స్ దేశం దాటి పోవాలె. అక్కడ పడవ ఎక్కితే డాల్ఫిన్లు కనవడుతయట. దారిల రాస్ అల్ ఖైమా వస్తది. సముద్రంల పెద్ద కసీనో కడుతున్నరని ఆ ఊరి వీడియోలు అందరి ఫోన్లల్ల తిరుగుతున్నయి. జర సేపు ఆగి చూసి పోదాం అన్న.

"ఏమున్నదక్కడ? క్రేన్లు, దుబ్బ. సీదా పోదాం" అన్నడు.

ఆ ఊరి మీద అంత కోపం ఎందుకో. బార్డర్ కాడ లైన్ పెద్దగుంటదని కావచ్చు.

22 నవంబర్

శాంతవ్వత్త ఫోన్ చేసింది. ఈయనకు పెద్దమ్మ అయితది. నాకు మాత్రం ఎప్పటికీ అత్తనే. ఆమె కొడుకు భూమేశ్ పెండ్లాంగ ఆ ఇంట్ల అడుగుపెట్టిన నాటి పిలుపు, నోట్లకెళ్లి పోలే.

"పోతే పోయిన్రు గని వాదిలల్ల దిగకున్రి బిడ్డా" అన్నది. వాది అంటే ఈడ ఎండిన వాగే. ఎక్కడో గుట్టల మీద వాన పడితే గడియల నిండుతది. భూమేశ్‌ను మింగింది గట్లాంటిదే. ఖురియాత్ దగ్గర కంపెనీ పికప్ కొట్టుకపోయింది. డ్రైవర్ శవం దొరికింది, ఇంకొకాయనది దొరికింది. భూమేశ్ దొరకలే. శవం పెట్టె రాలే. ఆయన సూట్‌కేస్ పట్టుకొని సురేందర్ వచ్చిండు, ఈయననే. అదే కంపెనీ, అదే రూము, వరసకు నాకు మరిది. వాకిట్ల నిలబడి తల ఎత్తలే. శవం లేకుండనే దినాలు చేసిండ్రు. నా గాజులు తీసిండ్రు.

మూడేండ్లకు అత్తనే నన్ను ఈయనకిచ్చి చేసింది. "నువ్వు నాకు కోడలివి కాదు, బిడ్డవు" అన్నది.

ఇయ్యాల ఇవన్ని ఎందుకు రాస్తున్నో. కడుపుల బిడ్డ పడ్డ కాంచి భూమేశ్ యాదికొస్తున్నడు. ఈయనకు చెప్పలే. చెప్పే మాటనా అది.

25 నవంబర్

సామాన్లు సదిరిన. రాస్ అల్ ఖైమా ఊర్లకు పోకుండ వేరే రోడ్డు ఉన్నదా అని ఈయన మ్యాప్ చూసుకుంట కూసున్నడు. ట్రాఫిక్‌ల నాకు ఇబ్బంది అయితదని ఇంత ఆలోచన. మంచోడు. నాకే జర కోపం ఎక్కువ.

26 నవంబర్, ఖసబ్

చేరినం. ఇయ్యాల రాయలేను.

27 నవంబర్, ఖసబ్

భూమేశ్ బతికే ఉన్నడు.

రాసి చదువుకున్న. భూమేశ్ బతికే ఉన్నడు. చదివినా నా కండ్లు నమ్ముతలేవు.

ఈయన కింద రిసెప్షన్ కాడ కూసున్నడు. పైకి రావొద్దన్న. నిన్నటి సంగతి ఉన్నది ఉన్నట్టు రాస్త, లేకుంటే రేపటికి నేనే కల అనుకుంట.

రాస్ అల్ ఖైమా ఇంక మొదలు కాకముందే కడుపుల తిప్పింది. ఆపు అన్న. "ఇంకొంచెం, బార్డర్ కాడ ఆపుత" అన్నడు. మళ్ళ ఆపు అన్న. వినలే. సీటు మీదనే కక్కుకున్న. అప్పుడు ఆపిండు. పెట్రోల్ బంకు, దాన్ని ఆనుకొని మలయాళీల చాయ్ దుకాణం. ఎదురుంగ సముద్రం, నీళ్ల నడుమ ఆ కసీనో. సగం దాక అద్దాలు పెట్టిండ్రు, మీది సగం ఇంక బొక్కల గూడు లెక్క ఉన్నది.

ఈయన సీటు కడుగుతున్నడు. నేను దుకాణం ఎనక నల్లా కాడికి పోయిన. అక్కడ లేబర్ బస్సు ఆగి ఉన్నది. సైటోళ్లు నీలం డ్రెస్సుల మీద మొఖాలకు గుడ్డలు చుట్టుకొని చాయ్ తాగుతున్నరు. నల్లా కాడ ఒకాయన కాళ్లు కడుక్కుంటున్నడు. నన్ను చూడకుండనే "ఆప్ లే లో మేడం" అని పక్కకు జరిగిండు.

ఆ గొంతు విన్నంక నేను నల్లా కిందికి చేతులు పెట్టలే.

మెడల కార్డు చూసిన. ఇంగ్లీషుల భీమన్న అని ఉన్నది. వేరేటాయన అనుకున్న. ఆయన మొఖం కడుక్కుందామని గుడ్డ కిందికి గుంజిండు. గడ్డం నెరిసింది. ఎడమ కనుబొమ్మ మీద గాటు. బోరు మోటర్ తీస్తుంటే గొలుసు తాకి పడ్డ గాటు, పెండ్లి చూపులప్పుడు మా చెల్లె దాన్ని చూసే నవ్వింది.

నన్ను చూసిండు. వాణీ అన్నట్టు పెదవులు కదిలినయి, సప్పుడు రాలే. గుడ్డ మళ్ళ ముక్కు మీదికి గుంజుకున్నడు. ఉరకలే. మెల్లగ నడిచిపోయి బస్సు ఎక్కి, అటు దిక్కు కిటికీకి కూసున్నడు. నల్లా పారుతనే ఉన్నది. ఎవరో వచ్చి కట్టేసిండ్రు.

కారు కాడికి వచ్చిన. నేను ఒక్క మాట అనలే. ఈయన నా మొఖం చూసిండు. నా ఎనక బస్సును చూసిండు. చేతిల తడిగుడ్డ అట్లనే పట్టుకొని, "నేనే చెప్దామనుకున్న వాణీ" అన్నడు.

భూమేశ్‌ను చూసినప్పుడు నిలబడే ఉన్న, ఈ మాటకు నేల మీదనే కూసున్న. బంకుల పనిచేసే పిల్లగాడు కుర్చీ తెచ్చిండు. ఈయన లేపతందుకు వస్తే చెయ్యి విడిపించుకున్న.

అదే రోజు, పొద్దుమీకి

పడవ ఎక్కలే. టికెట్లు తీసుకున్నం గని ఒడ్డు మీదనే కూసున్నం. అందరు పోయినంక ఈయన చెప్పుడు మొదలుపెట్టిండు. సముద్రం దిక్కు చూసుకుంటనే చెప్పిండు.

అప్పుడు వాళ్లకు జీతాలు ఆగి ఉన్నయట. గురువారం డ్యూటీ దిగినంక రూంల పత్తాలు ఆడుకునేటోళ్లు. పందెం పెట్టతందుకు ఎవరికాడ ఏం లేకుండె. వాళ్ల రూంల ఒక ఖల్లివల్లి ఉండెనట. కంపెనీ నుంచి పారిపోయి కాగితాలు లేకుండ తిరిగేటోళ్లను ఈడ గట్ల అంటరు. దయతలిచి వానికి కింద పండుకునే జాగ ఇచ్చిండ్రు. ఆ రోజు భూమేశ్‌కూ వానికీ పందెం పడ్డది. వాడు గెలిస్తే నెల రోజులు భూమేశ్ మంచం వానిది. భూమేశ్ గెలిస్తే శుక్రవారం డ్యూటీకి వాడు పోవాలె.

భూమేశ్ గెలిచిండు.

"పొద్దున వాడు అన్న జాకెట్ ఏసుకొని, అన్న కార్డు మెడల ఏసుకొని పికప్ ఎక్కిండు. హెల్మెట్ కింద మొఖం ఎవడు చూస్తడు? మధ్యాహ్నం వాన పడ్డది. పోలీసులు క్యాంపుకు వచ్చేటాల్లకు అన్న మంచం కింద దాక్కున్నడు. తన కార్డు మీద వేరేటోన్ని పంపినందుకు జైలేస్తరని ఏడ్చిండు. నేను బయటికి పోయి, భూమేశే పోయిండు అని చెప్పిన."

"ఎందుకు చెప్పినవ్?"

"ఒక్క రోజు ఆగి నిజం చెప్దామనుకున్నం. ఆ ఒక్క రోజుల కంపెనీ ఇంటికి ఫోన్ చేసింది. నీ గాజులు తీసిండ్రని తెలిసినంక నాకు నోరు రాలే."

"మన పెండ్లప్పుడు?"

ఎవరో పిల్లలు గాలిపటం ఎగరేస్తున్నరు, వాళ్ల దిక్కు చూసిండు.

"అన్నకు ఫోన్ చేసి అడిగిన. చేసుకో అన్నడు."

నేను పెండ్లికి ఒప్పుకోతందుకు ఏడాది తీసుకున్న. రోజు అత్త బతిలాడేది. భూమేశ్ ఫోటో ముంగట నిలబడి తప్పు మన్నించు అని మొక్కి ఒప్పుకున్న. ఆ ఏడాదంత వీళ్లిద్దరు ఫోన్ల మాట్లాడుకుంటున్నరు. అడిగిండట. ఇచ్చిండట.

"మరి వాదిల పోయినోడెవరు?" అన్న.

"చెప్పిన గద. ఎవడో ఖల్లివల్లి."

"పేరు?"

"యాదికి లేదు."

"మీ రూంలనే పండుకునేటోడు గద."

చేతిల టికెట్లు మడుస్తున్నడు. నా ఒంట్లకెళ్లి చలి పుట్టింది. ఇన్ని అబద్ధాలు చెప్పినందుకు కూడ అంత చలి పుట్టలే.

28 నవంబర్, సోహార్

ఇంటికొచ్చినం. ఈయన సోఫా మీద పండుకున్నడు.

వాపస్ వచ్చేటప్పుడు నేనే చెప్పిన, భూమేశ్‌కు ఫోన్ చెయ్యి, అదే చాయ్ దుకాణం కాడికి రమ్మను అని. ఇయ్యాల ఆయనకు సెలవు. ఇస్త్రీ అంగీ ఏసుకొని వచ్చిండు. సముద్రం ఒడ్డున సిమెంటు గద్దె మీద నేను, జర దూరంల ఆయన. ఈయన కారు కాడ నిలబడ్డడు.

దారి పొడుగూత, చెంప మీద కొడ్త అనుకుంట వచ్చిన. చెయ్యి లేవలే.

"మంచిగున్నవా?" అన్నడు. చుట్టం ఇంటికొచ్చినట్టు. "సురేందర్ చెప్పిండు, నీళ్లోసుకున్నవని. సంతోషం."

"సంతోషమా?"

తల దించుకున్నడు. తర్వాత ఆయనే చెప్పుకొచ్చిండు. బురైమీ దిక్కు తోటలల్ల దాక్కొని పనిచేసిండట. సర్కారు మాఫీ ఇచ్చినప్పుడు వేరే పేరు చెప్పి, దేశం ఇడిసిపోతందుకు ఇచ్చే ఔట్‌పాస్ కాగితం తీసుకొని బొంబాయి దాక పోయిండట. బొంబాయి నుంచి మా ఊరికి ఒక రాత్రి రైలు. ఎక్కలే. అక్కడ్నే భీమన్న పేరు మీద పాస్‌పోర్టు చేయించుకొని ఈ దిక్కు వచ్చిండు.

"నేను చచ్చినోన్ని వాణీ. చచ్చినోడు ఊర్లకు ఎట్ల వస్తడు?"

"నడిచి వస్తడు" అన్న. "కాళ్లున్నయి గద."

కసీనో దిక్కు చెయ్యి చూపిచ్చిండు. "గా కింది హాలుల టైల్స్ మేమే ఏసినం. ఆటాడే హాలు గదేనట. తెరిచినంక మమ్ముల గేటు కూడ దాటనియ్యరు." ఎందుకు చెప్పిండో. నాతోటి ఏం మాట్లాడాలెనో తెల్వక చెప్పినట్టుంది. నేను ఆ బిల్డింగునే చూస్తున్న. ఇదేనా చూద్దామని నేను పట్టుబట్టింది.

"వాదిల పోయినాయన పేరేంది?"

అడుగుతనని అనుకోలే. ఈయన లెక్క యాదికి లేదంటడని నేను కాసుకొని ఉన్న.

"గులాం నబీ" అన్నడు. ఎంట్లనే. "రాయచోటి దిక్కు. మనతోటి తెలుగే మాట్లాడేటోడు. భార్య పేరు అజీజా. నా మంచం పక్కపొంటి పండుకునేటోడు. ఆలస్యంగ వస్తే నాకు అన్నం మూతపెట్టి ఉంచేటోడు. వాడు పికప్ ఎక్కుతుంటే నేను కిటికీలకెళ్లి చూసిన. నా జాకెట్ వానికి పొడుగైంది, చేతులు మడుచుకుంటున్నడు. నాకు చెయ్యి ఊపిండు. నేను మళ్ళ పండుకున్న."

ఆయన ఏడ్చిండు. నాకు ఏడుపు రాలే.

"ఆమెకు ఎవరు చెప్పిండ్రు?"

"ఎవరు చెప్తరు? వాడు ఈడ ఉన్నట్టే ఎక్కడ లేదు."

"నువ్వు చెప్పాలె. పోలీసులకు చెప్పాలె. ముందుగాల అత్తకు ఫోన్ చెయ్యి."

"అమ్మకు చేస్త" అన్నడు. పోలీసుల మాటకు ఏం అనలే.

లేచేటప్పుడు, "నన్ను తిట్టవా వాణీ?" అని అడిగిండు. నేను చెప్పులు తొడుక్కొని కారు కాడికి వచ్చిన. తిడితే ఆయనకు జర హాయిగ ఉండేది.

30 నవంబర్

నేను ఎవరి పెండ్లాన్ని?

1 డిసెంబర్

ఈయన డ్యూటీకి పోయిండు. టిఫిన్ కట్టిచ్చిన. ఎందుకు కట్టిచ్చిన్నో తెల్వది, చేతులు వాటంతట అవే కట్టినయి.

2 డిసెంబర్

తహ్సీన్‌కు చెప్పిన. అంతా చెప్పలే. రాయచోటి దిక్కు గులాం నబీ అని ఒకాయన, ఒమాన్‌ల ఏడెనిమిదేండ్ల కింద తప్పిపోయిండు, భార్య అజీజా, వాళ్లను దొరకబట్టాలె అన్న. తహ్సీన్ నా దిక్కు చూసింది.

"నీకెట్ల తెలుసు వాణీ ఆయప్ప?"

"తెల్వదు" అన్న. అప్పుడొచ్చింది ఏడుపు. ఆమె ఒళ్ల తలపెట్టి ఏడ్చిన. అప్పుడు మొత్తం చెప్పిన. ఆమె నోటి మీద చెయ్యి పెట్టుకొని విన్నది. నడుమల "యా అల్లా" అన్నది, ఒక్కసారే.

వాళ్లాయన ఫుర్ఖాన్ భాయ్ ఊరి గ్రూపులల్ల అడుగుతనన్నడు.

5 డిసెంబర్

నెంబర్ దొరికింది. తహ్సీన్ కలిపింది, నేను మాట్లాడిన. "ఎవరమ్మా మీరు?" అన్నది అజీజా. గొంతు నాకన్న చిన్నది. నేను ఒమాన్ నుంచి అనంగనే ఆమెనే అందుకున్నది.

"మా ఆయప్ప విడుదలైనాడా అక్కా?"

జైల్ల ఉన్నడని ఎవరో చెప్పిండ్రట. ఎవరు చెప్పిండ్రో ఆమెకు కూడ తెల్వదు. ఆ మాట పట్టుకొని ఉన్నది. ప్రతి పండుగకు ఖైదీలను ఇడుస్తరని, ఈ పండుగకు వస్తడు, ఈ పండుగకు వస్తడు అని.

నేను చెప్పిన. ఎట్ల చెప్పిన్నో యాదికి లేదు. ఆమె విన్నది. "మీరు ఎవుర్నో అనుకోని నాకు చేసినారు" అని ఫోన్ పెట్టేసింది.

మళ్ళ చేస్తే ఎత్తలే.

అప్పుడు మా వాకిట్ల ఈయన వచ్చి నిలబడ్డడు. ఇయ్యాల నేను ఆమె వాకిట్ల నిలబడ్డ. ఏం తేడా లేదు. శవం అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

7 డిసెంబర్

ఏం లేదు.

9 డిసెంబర్

అజీజానే చేసింది. మధ్యాహ్నం, నేను బియ్యం కడుగుతున్న.

"అది శుక్రవారమేనా అక్కా?" అన్నది.

అవునన్న.

"ఆ పొద్దు నాకు ఫోన్ చేసినాడు. ఈపొద్దు నాకు కంపెనీ డ్యూటీ ఉండాది, జాకెట్టు ఏసుకున్యా, టోపీ ఇచ్చినారు అని సంబరంగా చెప్పినాడు. నీకు డ్యూటీ యాడ్నించి వచ్చెనబ్బా అని నవ్వినా నేను. దొంగమాట అనుకున్యా. నిజంగానే పోయినాడా?"

"నిజంగనే పోయిండు" అన్న.

ఆమె ఇంట్ల ఎవరో కుక్కర్ దించుతున్న సప్పుడు వినొచ్చింది. తర్వాత, "ఎవరు చూసినారు?" అని అడిగింది. "చూసినోళ్లు నాకు చెప్పాల. మీరు మంచోళ్లే అక్కా, కానీ మీరు చూడలేదు గదా. చూసినోళ్లు చెప్పాల. కాగితం మీద ఆయన పేరు ఉండాల."

ఈయన వచ్చినంక ఆమె మాటలు ఒక్కటి ఇడవకుండ చెప్పిన. బూట్లు కూడ ఇప్పకుండ విన్నడు.

"ఉద్యోగం పోతది" అన్నడు. "అబద్ధం చెప్పినందుకు లోపలేసినా ఏస్తరు. నీకు ఈ టైంల..."

"నన్ను అడ్డం పెట్టుకోకు."

10 డిసెంబర్

భూమేశ్ ఫోన్ స్విచ్చాఫ్.

11 డిసెంబర్

అత్త ఫోన్ చేసింది. నిన్న భూమేశ్ ఆమెకు చేసిండట. మాట నిలబెట్టుకొని, తర్వాత ఫోన్ బంద్ చేసుకున్నడు. ఆమె ఏడుస్తలేదు. గదే నాకు భయమైంది.

"నీకు ముందే తెలుసా బిడ్డా?" అన్నది.

"లేదత్తా. నాకు కూడ మొన్ననే."

"వానికి?" అన్నది. సురేందర్ సంగతి.

నేను ఏం అనలే. అత్తకు తెలిసిపోయింది.

"కొడుకు బతికిండంటే ఎగిరి గంతేయాలె గద నేను" అన్నది. "కూసున్న కాడ్నే ఉన్న. గోడ మీద ఫోటోకు దండ ఉన్నది, తియ్యనా ఉంచనా అని చూస్తున్న." మళ్ళ ఆమెనే, "కడుపుల బిడ్డ పైలం. నువ్వు నా దగ్గరికే రా కాన్పుకు. మీ అమ్మకు నేను చెప్పుకుంట. ఈ మొగోళ్ల సంగతి తర్వాత చూద్దాం" అన్నది.

వస్తనని చెప్పిన. అడిగినందుకు కాదు. నాకే పోవాలనిపిచ్చింది.

14 డిసెంబర్

పొద్దున డ్యూటీకి పొయ్యే టైముకు ఈయన యూనిఫాం ఏసుకోలే. మామూలు అంగీ ఏసుకొని వచ్చి వంటింట్ల నిలబడ్డడు.

"అన్న రాడు. నాలుగు రోజులు అయినకాడికి చూసిన" అన్నడు. "నేనొక్కన్నే పోయి చెప్త. ఫుర్ఖాన్ భాయ్ తోడొస్తనన్నడు, ఆయనకు అరబ్బీ మంచిగ వస్తది. ఖురియాత్ పోలీస్ స్టేషన్. అప్పుడు అక్కడ్నే రాయించిన, అక్కడ్నే చెప్త."

నేను పొయ్యి కాడనే ఉన్న.

"నువ్వు నాతోటి ఉండాలని కాదు వాణీ. అది నీ ఇష్టం. ఆయన పేరు నిజంగనే నాకు యాదికి లేకుండె. నీకు గది చెప్పినప్పటి సంది నాకు అన్నం పోతలేదు."

ఒక మంచి మాట అనాల్సి ఉండె కావచ్చు. "టిఫిన్ తిని పో" అన్న. గంతే వచ్చింది.

15 డిసెంబర్

అజీజాకు చెప్పిన, గురువారం పోతున్నరని. "ఆ వాది మీరు చూపిస్తారా అక్కా?" అన్నది. "వీడియోలో."

18 డిసెంబర్, ఖురియాత్

స్టేషన్‌ల మధ్యాహ్నం దాక పట్టింది. నేను బయట కారుల కూసున్న. బయటికి వచ్చినప్పుడు ఈయన మొఖం తెల్లగున్నది. పాస్‌పోర్టు వాళ్లకాడ పెట్టుకున్నరు. కేసు తేలేదాక దేశం దాటొద్దన్నరు. కొట్టలే, తిట్టలే. చిన్న ఆఫీసరు అట, మొత్తం విని, "ఇన్నేండ్లు ఆ మనిషి కోసం ఎవరూ రాలేదు" అన్నడట. పాత ఫైలు తెప్పించి భూమేశ్ పేరు పక్కన గులాం నబీ పేరు రాయించిండు. స్పెల్లింగ్ ఫుర్ఖాన్ భాయ్ చెప్పిండు. కంపెనీ వాళ్లు ఇప్పటికే ఫోన్ చేసిండ్రు, రేపటి నుంచి రావొద్దని.

నేను వచ్చే నెలల ఇంటికి పోత, ఒక్కదాన్నే. ఈయన వచ్చినంక ఏం చేస్తనో నాకు తెల్వది. కారుల గదే చెప్పిన. సరే అన్నడు.

అక్కడికెళ్లి వాదికి పోయినం. ఇది రాస్తున్నది ఆ ఒడ్డు మీదనే, కారుల కూసొని.

నేను ఈ జాగను మనసుల ఎంత పెద్దగ కట్టుకున్ననో. దినాల నాడు మా ఊరి వాగుల నిలబడి బియ్యం ఇడిసినప్పుడు గోదారంత నీళ్లు ఊహించుకున్న. చూస్తే తెల్లటి రాళ్లు. మేకలు మేస్తున్నయి. ఒక ఒమానీ కుటుంబం చాప పరుచుకొని అన్నం తింటున్నది. రోడ్డు వాది అడుగుకెళ్లే పోతది, పక్కకు నీళ్లు ఎంత ఎత్తు ఉన్నయో చూసుకోతందుకు ఎర్ర గీతల గుంజ పాతిండ్రు.

అజీజాకు వీడియో కలిపిన. ఆమె తలమీద కొంగు సదురుకున్నది. ఎనక ఎవరెవరో ఉన్నరు, ముసలామె ఒకామె, పెద్దపిల్ల ఒకామె. ఆ పిల్ల గులాం నబీ బిడ్డనట.

"నీళ్లు యాడక్కా?" అన్నది.

"ఇప్పుడు లేవు. వాన పడితేనే."

"ఇంత చిన్నదా?"

ఫోన్ ఈయన చేతికిచ్చిన. చూసినోళ్లు చెప్పాలని ఆమె అడిగింది గద. ఈయన రాళ్లల్ల నిలబడి మొత్తం చెప్పిండు. పత్తాలు, పందెం, మంచం, జాకెట్. తను పోలీసులకు చెప్పిన అబద్ధం. పేరు మరిచిపోయిన సంగతి కూడ చెప్పిండు. అది సగంల ఇడిసి, మళ్ళ మొదటి నుంచి చెప్పిండు.

మొత్తం అయినంక, "పత్తాలాటలో ఓడినాడా?" అన్నది.

"అవునక్కా."

"మా ఆయప్ప పత్తాలాటలో ఓడేవాడు కాదే" అన్నది అజీజా. కోపంతోటి కాదు. లెక్క కుదరక అడిగినట్టు. "మా ఊర్లో ఎవురూ కూచునేవాళ్లు కాదు ఆయనతో. ముక్కలు చూడకుండానే చెప్పేవాడు." కొంగు మళ్ళ సదురుకున్నది. "డ్యూటీ కావాలని ఓడినాడేమో. నెలల నుంచి పని లేదని ఏడుస్తాండె నాతో."

ఈయన ఫోన్ నా చేతిల పెట్టి రాళ్ల మీద కూసున్నడు. రెండు చేతులతోటి తల పట్టుకున్నడు. ఫుర్ఖాన్ భాయ్ పోయి పక్కన కూసున్నడు.

నేను ఈమెకు ఒకటి చెప్పాలనుకొని వచ్చిన. నీ మొగని కోసం ఒకామె ఏడ్చింది, తెల్వక ఏడ్చింది, గాజులు తీసింది, ప్రతి ఏడు ఈ వాది పేరు చెప్పి బియ్యం ఇచ్చింది, ఆయన దిక్కులేకుండ పోలే అని. చెప్పలేకపోయిన. అది చెప్పతందుకు నాకు హక్కున్నదో లేదో.

అజీజా ఎనకకు తిరిగి ముసలామెకు ఏదో చెప్పింది. ముసలామె రెండు చేతులు ఎత్తింది. ఆ పిల్ల కూడ ఎత్తింది.

"అక్కా, ఫోను నేల దిక్కు తిప్పు" అన్నది. "మేం దువా చేసుకుంటాం. కొంచేపు అట్లనే పట్టుకో."

రాళ్లల్లకు దిగి ఫోన్ నేల దిక్కు తిప్పి పట్టుకున్న. వాళ్ల సప్పుడు సన్నగ వస్తున్నది. మేకలు దగ్గరికొచ్చి మళ్ళ పోయినయి. చెయ్యి గుంజింది. ఇంకో చేతిని ఆసరా పెట్టుకొని పట్టుకున్న. ఆమె చాలు అనలే, నేను అడగలే.